‘రిజ్’, ‘బ్రెయిన్ రాట్’, ‘రేజ్ బైట్’: ఏటి మాటను ఎంచేది ఎట్లా?

ప్రశ్న (ప్రొద్దుటూరు): నవంబరు, డిసెంబరు వస్తే పేరున్న ఇంగ్లిష్ నిఘంటువులు ‘ఈ ఏటి మాట’ (వర్డ్ ఆఫ్ ది ఇయర్) ప్రకటిస్తాయి. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2023లో రిజ్ (ఎదుటివాళ్లను ఆకట్టుకునే నేర్పు), 2024లో బ్రెయిన్ రాట్ (పనికిరానివి అదేపనిగా చూసి బుర్ర మొద్దుబారడం), 2025లో రేజ్ బైట్ (జనానికి కోపం రేపాలనే వేసే పోస్టు) అన్నారు. ఇవన్నీ ఆ ఏడాదే పుట్టినవా? మన గుంపులో తెలుగుకు ఇట్లాంటిది ఎంచుకోవాలంటే దేన్ని కొలవాల?

అనంతపురం: పుట్టిన ఏడుకూ ఎంపికకూ సంబంధం లేదన్నా. బ్రెయిన్ రాట్ 1854లోనే అమెరికన్ రచయిత థోరో రాతలో ఉంది. సెల్ఫీ 2002లో ఆస్ట్రేలియాలో కనబడితే, ఆక్స్‌ఫర్డ్ 2013లో పట్టుకుంది. రిజ్ అయితే కరిజ్మా (charisma, ఆకర్షణ) అనే ఇంగ్లిష్ మాట నడిమి ముక్క. తలా తోకా పోయి నడుము మాత్రం మిగిలే కత్తిరింపు ఇంగ్లిష్‌లోనూ అరుదే.

కొలత కూడా అందరిదీ ఒకటి కాదు. మెరియం-వెబ్‌స్టర్ అనే అమెరికన్ నిఘంటువు తన సైట్‌లో ఏ మాటను ఎంతమంది వెదికారో చూస్తుంది. 2022లో గ్యాస్‌లైటింగ్‌కు (ఎదుటిమనిషి తన బుద్ధినే తాను అనుమానించేట్టు మభ్యపెట్టడం) వెదుకులాట 1740 శాతం పెరిగింది. వెదికినారంటే అర్థం తెలియలేదని, వాడినారని కాదు. ఆక్స్‌ఫర్డ్ వాడుక లెక్కలకు జనం ఓట్లు కూడా కలుపుతుంది. బ్రెయిన్ రాట్ వాడుక 230 శాతం పెరిగిందంటే 3.3 రెట్లు అయిందని, 2.3 రెట్లు కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పైగా మొదట ఎంత ఉండేదో చెప్పకుంటే ఆ శాతానికి విలువ లేదు: పదిసార్లు వినబడిన మాట ముప్పైమూడు సార్లు వినబడినా 230 శాతమే.

కర్నూలు: మాట నిలుస్తుందా లేదా అని అంచనా కట్టడానికి అలన్ మెట్‌కాఫ్ అనే అమెరికన్ పండితుడు ఐదు గుణాలు చెప్పినాడు: ఎంత తరచుగా వినబడుతుంది, వింతగా తోచకుండా కలిసిపోతుందా, ఎన్ని రకాల మనుషుల నోట ఉంది, కొత్త రూపాలు పుట్టిస్తుందా, అది చెప్పే సంగతి నిలిచేదేనా. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు, మొత్తం పది మార్కులు.

తెలుగుకు నాలుగోదే అసలు పరీక్ష అని నా అభిప్రాయం. ‘రీల్’ చూడండి. దారం రీలు, సినిమా రీలు ఎప్పుడో మనవైపోయినాయి, బహువచనం రీళ్లు. అదే మాట ఫోన్‌లో మళ్లీ వచ్చేసరికి ‘రీల్స్’ అయింది. ‘పొద్దంతా రీల్స్ చూస్తాండాడు’ అంటారుగానీ రీళ్లు అనరు. ‘ఒక రీల్స్ చేసినా’ అనేవాళ్లూ ఉండారు. అంటే ఆ ‘స్’ బహువచనమన్న స్పృహ పోయి, మాటే అట్లా స్థిరపడుతోంది. ‘ట్రోల్’ చేయడం, ట్రోలర్లు, ట్రోలింగ్ అని పిలకలు వేసింది. తెలుగులో రిజ్‌కు ఇంతవరకు ఒక్క పిలకా లేదు.

అనంతపురం: ఒక్క మాటప్పా. మెట్‌కాఫ్ కొలత నిలిచే మాటకు, ఏటి మాటకు కాదు. అమెరికన్ డయలెక్ట్ సొసైటీ అనే భాషా పండితుల సంఘం 1990లో మొట్టమొదట ఎంచింది బుష్‌లిప్స్, నాయకుల ఉత్తుత్తి మాటలని అర్థం. ఇప్పుడెవరికి గుర్తుంది? అయినా ఆ ఏటికి అది సరైన మాటే. కాలిన్స్ నిఘంటువు 2020లో ఎంచిన లాక్‌డౌన్ ఇంకోరకం. లాక్‌డౌన్ పోయినా ‘లాక్‌డౌనప్పుడు పుట్టిన పిల్ల’ అని కాలం చెప్పేందుకు మిగిలింది.

కడప: పదాలు పోగుచేసేవాళ్లకు మా ఊళ్లోనే పెద్ద ఆదర్శం ఉంది. ఇక్కడ పనిచేసిన సి.పి. బ్రౌన్, తెలుగులో కలిసిన అన్యభాషా పదాలకని 1854లో వేరే నిఘంటువే వేసినాడు. థోరో ఏడాదే, కాకతాళీయం! ఇవి తెలుగు కాదని తోసేయకుండా ఎక్కించినాడు గదా, మనం చేయాల్సింది కూడా అదే.

రేజ్ బైట్ సంగతికి వస్తే, ‘పుల్లలు పెట్టడం’ మనకు ఉండనే ఉంది. కానీ పుల్లలు పెట్టేవాడు ఇద్దరికి చెడగొడతాడు. రేజ్ బైట్ వేసేవాడికి ఎవరెవరికి చెడినా పట్టదు, జనం కోపంతో కామెంట్లు పెడితే చాలు. అందుకే అది సగమే సరిపోతుంది. ‘ఎగదోసే పోస్టు’ కొంత దగ్గర.

కర్నూలు: అయితే పోగుచేసే పద్ధతి ఇట్లా పెట్టుకుందాం. మాట ఒక్కటే రాస్తే పనికిరాదు, విన్న వాక్యం మొత్తం రాయాల. తేదీ, ఊరు, మాట్లాడినవాళ్ల వయసు ఇరవై లోపా, నలభై దాటిందా అన్నది చేర్చాల. తెలుగు లిపిలో మాత్రమే వెదికితే సగం జారిపోతుంది, పిల్లలు ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు టైపు చేస్తారు. రిజ్, రిజ్జ్, రిజ్జు మూడూ వెదకాల. ‘బ్రెయిన్ రాట్ అంటే ఏమిటి?’ అని పత్రికలు వేసే వ్యాసాలను లెక్కలో కలపకూడదు. ప్రకటన వచ్చిన వారం ఇవే వరదలా వస్తాయి, అది వాడుక కాదు, వాడుక గురించిన రాత. వీలైతే అక్టోబరు ఆఖరుకే పోగుచేయడం ఆపేయాల.

ప్రొద్దుటూరు: సరే అన్నా. ‘ఒక రీల్స్’ తోనే మొదలుపెడతా. యాడ విన్నా వాక్యంతో సహా కింద వేయండి.