దొరికిన చోటు తెలియని జేడ్ శిల్పాన్ని ఓల్మెక్ కళకు సాక్ష్యంగా తీసుకోవచ్చా?

ప్రశ్న: న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ఉన్న కుంజ్ గొడ్డలి (గొడ్డలి ఆకారంలో చెక్కిన బొమ్మ) వంటి జేడ్ శిల్పాలు శాస్త్రీయమైన తవ్వకాల్లో బయటపడినవి కావు. శైలిని చూసి వాటిని ప్రాచీన మెక్సికోకు చెందిన ఓల్మెక్ ప్రజల కళగా నిర్ణయించి, వాటి ఆధారంగా ఆ ప్రజల మతాన్ని గురించి రాయడం సబబేనా?

జవాబు: సబబు కాదనే నా అభిప్రాయం. (జేడ్‌ను మనం అలవాటుగా పచ్చ అనో మరకతం అనో అనేస్తాం గానీ అది వేరే రాయి, ఇక్కడి ప్రస్తావన గ్వాటెమాలాలోని మోతాగువా నదీలోయలో దొరికే జేడైట్ గురించి.) 1955లో మెక్సికోలోని ఓల్మెక్ స్థలమైన లా వెంతాలో బయటపడిన నాలుగవ నిక్షేపాన్ని చూడండి. నిలువుగా పాతిన 6 రాతిగొడ్డళ్ల ముందు 16 చిన్న మానవ విగ్రహాలను ఏదో సభ జరుగుతున్నట్టు నిలబెట్టి, ఇసుకతో కప్పి, పైన నేల పరిచారు. తక్కినవన్నీ జేడ్, సర్పెంటైన్ వంటి రాళ్లవి కాగా, గొడ్డళ్లకు వీపు పెట్టి నిలిచిన ఒక్క విగ్రహం మాత్రం గరుకు రాతిది. అంతకన్నా విచిత్రం, కొంతకాలం తరువాత ఎవరో సరిగ్గా ఆ చోటనే తవ్వి, తలలు కనబడేదాకా దిగి, దేన్నీ కదపకుండా మళ్లీ పూడ్చారు. అంటే అవి ఎక్కడున్నాయో వారికి గుర్తుంది. దొంగచాటుగా తవ్వినవారు వీటిని విడివిడిగా అమ్మి ఉంటే మనకు అందమైన బొమ్మలు మిగిలేవి, ఆ సభ మిగిలేది కాదు.

అభ్యంతరం: లా వెంతా తవ్వకాలకు ముందే, 1929లో, పురావస్తు పండితుడు మార్షల్ సావిల్ ఇలాంటి గొడ్డళ్ల పోలికలను బట్టే అవి ఒకే సంప్రదాయానివని గుర్తించారు. పైగా దొరికిన చోటు కూడా మోసం చేయగలదు. మెక్సికో నగరంలోని అజ్టెకుల ప్రధానాలయపు నిక్షేపంలో ఓల్మెక్ శైలి ఆకుపచ్చ రాతి ముసుగు ఒకటి దొరికింది. దాన్ని చెక్కిన కాలానికీ పాతిన కాలానికీ మధ్య రెండు వేల ఏళ్ల దూరం ఉంది.

తిరుగు జవాబు: సావిల్ సంగతి ఒప్పుకుంటాను, కానీ సంప్రదాయాన్ని గుర్తించడం వేరు, దానికి అర్థం చెప్పడం వేరు. ఆ గొడ్డళ్లమీద చెక్కిన ముఖంలో ఆయన జాగ్వార్‌ను (చిరుతను పోలిన మృగాన్ని) చూశారు. తరువాతివారిలో మెక్సికో చిత్రకారుడు, పరిశోధకుడు కోవరూబియాస్ వానదేవుళ్ల మూలాన్ని చూశారు, మరికొందరు మొక్కజొన్న దేవుడిని చూశారు. ఇక ఆ ముసుగు తవ్వకంలో దొరికింది కనుకనే, అజ్టెకులు పూర్వుల శిల్పాలను సేకరించి దేవుడికి సమర్పించేవారని మనకు తెలిసింది. అదే ముసుగు అంగట్లో దొరికి ఉంటే ఆ సంగతి ఎవరికీ తట్టేది కాదు. ఒక్క పనితనం విషయంలో మాత్రం, నకిలీ కాదని తేలితే, ఆచూకీ లేని శిల్పమూ నిక్కమైన సాక్షే: లోహపు పనిముట్లు లేని ఆ శిల్పులు తాడుతో, తడి ఇసుకతో రాపిడి పెట్టి కోసిన గుర్తులను ఆ రాతిమీదనే వెదకవచ్చు.