అప్‌డేట్: ఎండలకి ఎలక్ట్రిక్ కారు తట్టుకుంటుందా అని అడిగినది నేనే, కొనేశాం

ఏప్రిల్‌లో అడిగాను: శ్రీకాకుళం నుంచి విశాఖకి వారానికి రెండుసార్లు వెళ్లొస్తాను, ఈ ఎండల్లో ఎలక్ట్రిక్ కారు తట్టుకుంటుందా, డీజిల్‌తోనే ఉండిపోనా అని. జవాబిచ్చిన అందరికీ దండాలు.

బాగా పనికొచ్చిన సలహా ఒక్కటే: "షోరూమ్ చుట్టూ తిప్పి చూడకండి, మిట్టమధ్యాహ్నం మీ రూటులోనే నడపండి" అన్నది. రోహిణి కార్తెలో బతిమాలి బండి తీసుకుని, ఏసీ వేసుకుని విశాఖ వెళ్లొచ్చాను. భయపడినంతగా ఏసీ ఛార్జింగ్ తినలేదు. స్పీడే తినేసింది! రణస్థలం దాటాక 110 మీద పోతే ఛార్జింగ్ కళ్ల ముందే కరిగింది, 80కి దిగితే నిలబడింది. చివరికి ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ ఉన్నదే తీసుకున్నాం, వేడిని ఎక్కువ ఓర్చుకునే రకమని.

అసలు తంటా ఇంట్లో వచ్చింది. మొదటి రాత్రే ఛార్జర్ ఎర్రలైటు చూపించి మొరాయించింది. షోరూమ్ వాళ్లని అనవసరంగా తిట్టుకున్నాను. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే ఎర్తింగ్ గొయ్యి ఎండి రాయిలా ఉంది, ఎర్తింగ్ సరిగా అందకే ఛార్జర్ ఆగిపోయింది. ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోయించి, 15 ఆంపుల సాకెట్‌కి విడిగా లావు వైరు లాగించాడు. అప్పుడు పట్టింది. ఇప్పుడు రెండ్రోజులకోసారి గొయ్యికి బకెట్ నీళ్లు. "కొబ్బరిమొక్కకి పోసినట్టు పోస్తన్నావు" అని మా అమ్మ ఒకటే నవ్వు.

ఎండకి తక్కువ వేడెక్కుతుందని తెల్ల రంగే కొనాలన్న వాదన మాకు అక్కరకు రాలేదు, బండి ఎలాగూ రేకుల షెడ్డు కిందే ఉంటుంది. డీజిల్ బండి మా బావమరిది పట్టుకుపోయాడు.