హాంకాంగ్‌లో ఏడేళ్ళ లెక్క: ఊరెళ్ళొస్తే తెగిపోతుందా?

కొత్తగా వచ్చినవాణ్ణి, తుంగ్ చుంగ్:
అందరికీ నమస్తే. పోయిన నెల ఉద్యోగం వీసా మీద దిగాను. ఏడేళ్ళుంటే పర్మనెంట్ రెసిడెంట్ అంటున్నారు. మధ్యలో ఇండియా వెళ్ళొస్తే లెక్క మళ్ళీ మొదటికొస్తుందా?

షా టిన్ పాతకాపు:
రాదు తమ్ముడూ. ఇల్లూ ఉద్యోగమూ ఇక్కడే ఉంటే సెలవులకు వెళ్ళొచ్చినా ఫరవాలేదు. అసలు టెన్షన్ కాయితాలతోనే. ఏ ఏటికా ఏడు ఇక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. మా పాత ఓనరు రెండేళ్ళ అగ్రిమెంటుకు స్టాంపు వేయించకుండా "వచ్చే వారం" అంటూ నాన్చాడు. కరెంటు బిల్లూ ఆయన పేరే. దరఖాస్తు వేళకి ఆ రెండేళ్ళకీ నా అడ్రసున్న కాయితం ఒక్కటీ లేదు. చివరికి మా పాప టీకా కార్డు మీద ఫ్లాట్ నంబరుతో సహా కనబడింది. అదీ బ్యాంకు స్టేట్‌మెంట్లూ పట్టుకెళ్ళి గట్టెక్కాను. పెయింటు పేరుతో అడ్వాన్సులో సగం కోసేశాడు, అది వేరే కథ.

చిమ్ షా చోయ్, 1994 నుంచి:
ఈ ఏడేళ్ళు కౌంటర్లో గుమాస్తా పెట్టింది కాదు బాబూ, హాంకాంగ్‌కి రాజ్యాంగం లాంటి బేసిక్ లాలో 24వ ఆర్టికల్. బ్రిటిష్ వాళ్ళు రాయించి పోయారు కాబట్టి మనం బతికాం.

షా టిన్ పాతకాపు:
గురువుగారూ, మళ్ళీ మొదలెట్టారా! బేసిక్ లా రాసిన ముసాయిదా కమిటీలో 59 మంది. 36 చైనా నుంచి, 23 హాంకాంగ్ నుంచి. బ్రిటన్ తరఫున ఒక్కరూ లేరు.

చిమ్ షా చోయ్:
కుర్చీ లేకపోతేనేం? హాంకాంగ్‌ని 1997లో చైనాకి అప్పగించడం మీద బ్రిటన్, చైనా చేసిన 1984 ఉమ్మడి ప్రకటన అనుబంధంలోనే ఈ ఏడేళ్ళ మాట ఉంది. 1990 నాటి బేసిక్ లా దాన్నే ఎత్తుకుంది. వంట బీజింగ్‌దే, సరుకుల చీటీ మాత్రం ఇద్దరూ కూర్చుని రాసింది. 1990 మొదట్లో విదేశాంగ మంత్రులు, బ్రిటన్ హర్డ్, చైనా ఛియన్ ఛీచెన్ ఉత్తరాలు రాసుకున్నారు, ఇక్కడి చట్టసభలో జనం నేరుగా ఎన్నుకునే సీట్లు ఎన్ని ఉండాలని. 1997కి 60లో 20 దగ్గర తేలింది.

షా టిన్ పాతకాపు:
లండన్ అడిగినన్ని వచ్చాయా? పైగా 158వ ఆర్టికల్‌తో ఆ చట్టానికి అర్థం చెప్పే అధికారం బీజింగ్‌లో చైనా పార్లమెంటు స్టాండింగ్ కమిటీ దగ్గరే ఉంది. 1999లో నివాస హక్కు మీద వాడారు కూడా.

డిస్కవరీ బే అక్క:
మీ ఇద్దరూ మరిచింది ఒకటుంది. 24వ ఆర్టికల్ ఉండనిస్తుంది, పౌరసత్వం ఇవ్వదు. తరాలుగా ఇక్కడున్న భారతీయ కుటుంబాల్లో బ్రిటిష్ కాయితాలు తప్ప వేరే దేశం లేనివాళ్ళు గాల్లో వేలాడారు. అప్పగింతకు కొద్ది నెలల ముందు, 1997లో, లండన్ వాళ్ళకోసం చట్టం చేసింది. అన్ని ఉత్తరాల్లో వీళ్ళ గోడు ఎవరికి పట్టింది? అన్నట్టు తమ్ముడూ, ఇంటిపని వీసా మీద గడిపిన ఏళ్ళు ఈ లెక్కలోకి రావు. 2013లో ఇక్కడి తుది అప్పీలు కోర్టు తేల్చేసింది.

కొత్తగా వచ్చినవాణ్ణి:
అందరికీ థాంక్స్. మా ఓనరు కూడా స్టాంపు వచ్చే వారం అన్నాడు.

షా టిన్ పాతకాపు:
ఇవాళే వెళ్ళి అడుగు.