క్యూబాపై అమెరికా వాణిజ్య నిషేధం: ఎత్తేయాలా, వద్దా?

రేవుబాట:
1962 ఫిబ్రవరి 7న అమల్లోకి వచ్చిన నిషేధం ఇంకా నడుస్తూనే ఉంది. ఎత్తేయమని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం 1992 నుంచి తీర్మానాలు చేస్తోంది. 2024లో 187 దేశాలు అనుకూలం, 2 వ్యతిరేకం. 2025లో అనుకూలం 165కి తగ్గింది, వ్యతిరేకం 7కి పెరిగింది. అక్కడి ఆకలికి ఈ నిషేధం కూడా కారణమే, నా మట్టుకు ఎత్తేయాల్సిందే. కాదనేవాళ్లు కారణం చెప్పండి, నినాదాలొద్దు.

కృష్ణాతీరం:
తిండి మీద నిషేధం లేదండీ. 2000లో చట్టం మార్చారు, 2001లో మిషెల్ తుఫాను తర్వాత అమెరికా సరుకు వెళ్లడం మొదలైంది. అందులో పెద్ద భాగం ఫ్రోజెన్ కోడికాళ్లే. కొనుక్కునే దారి ఉండగా ఆకలికి నిషేధం కారణం ఎలా అవుతుంది?

రేవుబాట:
దారి ఉందన్నారు, ఆ దారిలో ఏముందో చూడండి. అదే చట్టం 908వ సెక్షన్ ప్రకారం అమెరికా బ్యాంకు అప్పివ్వకూడదు. ముందే సొమ్ము కట్టాలి, లేదా మూడో దేశపు బ్యాంకును పట్టుకోవాలి. ధాన్యం వ్యాపారం ఎక్కడైనా అరువు మీదే నడుస్తుంది. అందుకే పక్కనున్న అమెరికా రాష్ట్రం లూసియానా బియ్యం వదిలేసి వియత్నాం బియ్యం అంత దూరం నుంచి తెచ్చుకుంటారు.

తర్వాత ఓడ సంగతి. వ్యాపారానికి క్యూబా రేవులో ఆగిన ఓడ, ప్రత్యేక లైసెన్స్ లేకపోతే, 180 రోజులు అమెరికా రేవుల్లో సరుకు ఎక్కించకూడదు, దించకూడదు. ఆ నష్టాన్ని ఓడ యజమాని కిరాయిలో కలిపేస్తాడు.

యంత్రాలదీ అదే తంతు. జర్మనీలో తయారైనదైనా సరే, అందులో అమెరికా భాగాల విలువ 10 శాతం దాటితే అమెరికా లైసెన్స్ కావాలి.

పాలపిట్ట:
మరి మందులు?

రేవుబాట:
అమ్మొచ్చు. కానీ 1992 చట్టం ప్రకారం ఆ మందు ఎవరికి చేరిందో అక్కడే తనిఖీ చేసే ఏర్పాటు ఉండాలి. చిన్న ఆర్డరుకి ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

కృష్ణాతీరం:
అరువు, అరువు అంటున్నారు. ఇచ్చినవాళ్ల గతేమైందో కూడా చెప్పండి. 1986లో క్యూబా ప్యారిస్ క్లబ్ (అప్పులిచ్చిన దేశాల బృందం) దేశాలకు చెల్లింపులు ఆపేసింది. 2015లో 1,110 కోట్ల డాలర్ల బాకీలో 850 కోట్లు మాఫీ చేశారు. మిగతాది వాయిదాల్లో కట్టమంటే 2019కే తప్పారు. ఇచ్చినవాళ్లలో ఫ్రాన్స్, స్పెయిన్ ఉన్నాయి, అవేమీ నిషేధం పెట్టలేదే!

ఇక ఉత్పత్తి. 1989లో చక్కెర దాదాపు 80 లక్షల టన్నులు, 2023లో 3.5 లక్షల టన్నులు. 1989లోనూ ఇదే నిషేధం ఉంది. పంట కొనాల్సిన ప్రభుత్వ సంస్థ అకోపియో ట్రక్కు సమయానికి పంపక టమాటా పొలంలోనే కుళ్లుతోంది. కరెంటు చూడండి: గంధకం ఎక్కువున్న నాటు ముడిచమురు మండించీ మండించీ బాయిలర్ గొట్టాలు తినేసుకుపోయాయి. 2024 అక్టోబరు 18న గిటెరాస్ ప్లాంటు ఆగితే దేశమంతా చీకటైంది. అదే సమయంలో రాజధాని హవానాలో 42 అంతస్తుల హోటల్ కట్టారు.

రేవుబాట:
హోటల్ విషయంలో మీతో వాదన లేదు. చక్కెర లెక్క మాత్రం సగమే చెప్పారు. ఆ చక్కెరని సోవియట్ యూనియన్ బజారు ధరకి ఎన్నో రెట్లు పెట్టి కొనేది, చమురూ ఇచ్చేది. అది కూలిపోయాక అమెరికా 1992లో ఒకసారి, 1996లో ఇంకోసారి ఉచ్చు బిగించింది.

డల్లాస్‌_తెలుగు:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. గ్రీన్ కార్డు, ఇండియన్ పాస్‌పోర్టు. మెక్సికోలోని కాంకూన్ మీదుగా హవానా టూర్ వెళ్లొచ్చా?

పద్దులరాజు:
టూర్ కుదరదు. చూసేది పాస్‌పోర్టు కాదు, మీరు అమెరికా నివాసి అవునా కాదా అని. ఏ దేశం మీదుగా వెళ్లినా అంతే. అనుమతించిన 12 కారణాల్లో ఒకటి ఉండాలి, రసీదులు దాచుకోవాలి.

కృష్ణాతీరం:
రేవుబాట గారూ, క్యూబా ప్రభుత్వం లాక్కున్న అమెరికన్ల ఆస్తుల ఊసే మొదట్నుంచీ మీరు ఎత్తడం లేదు. అమెరికా కమిషన్ ఖరారు చేసిన క్లెయిములు 5,913. అసలు మొత్తమే దాదాపు 190 కోట్ల డాలర్లు, పైన 6 శాతం సాధారణ వడ్డీ. మాటిమాటికీ ఓడ కిరాయి అంటారేంటి?

రేవుబాట:
1960లో క్యూబా పరిహారంగా బాండ్లు ఇస్తానంది. అమెరికా క్యూబా నుంచి కొనే చక్కెర కోటా కోసేసింది, ఆ బాండ్లకు డబ్బొచ్చేదే దాంట్లోంచి.

కృష్ణాతీరం:
ఆ బాండ్లనా మీరు వెనకేసుకొచ్చేది! 30 ఏళ్ల గడువు, 2 శాతం వడ్డీ. అదీ అమెరికా ఏడాదికి 30 లక్షల టన్నులు దాటి కొంటేనే, పౌనుకు 5.75 సెంట్ల ధర పలికితేనే. కట్టే ఉద్దేశం ఉన్నవాడు రాసే షరతులా ఇవి? కెనడా, ఫ్రాన్స్, స్పెయిన్‌లతో మాత్రం పరిహారం తేల్చుకున్నారు.

నిషేధంతో ప్రభుత్వం మారదని నాకూ తెలుసు. నా పట్టుదల దానికోసం కాదు. కట్టకుండా ఎత్తేస్తే లాక్కున్నది చెల్లిపోయినట్టే.

రేవుబాట:
ఇన్ని పోస్టుల తర్వాతా ఈ మాట చెప్పేది? కోడికాళ్ల దగ్గర ఎందుకు మొదలుపెట్టారు? సరే, 1996 చట్టం 205వ సెక్షన్ తీయండి. ఫిడెల్, రౌల్ కాస్ట్రోలు లేని ప్రభుత్వం, రాజకీయ ఖైదీల విడుదల, ఎన్నికలకు హామీ అడుగుతోంది. రేపు హవానా వడ్డీతో సహా కట్టినా నిషేధం పోదు. అధ్యక్షుడు తలుచుకున్నా ఎత్తేయలేడు, కాంగ్రెస్సే ఎత్తాలి. మీరడిగేది బాకీ, చట్టం అడిగేది ఇంకో దేశపు గద్దె. నా అభ్యంతరమంతా అక్కడే.

కృష్ణాతీరం:
2021 జులై 11న వీధుల్లోకి వచ్చినవాళ్లను వందల్లో జైల్లో వేశారు. వాళ్ల విడుదల అడగడం తప్పా?

రేవుబాట:
అడగండి, తిండీ ఓడలూ ఆపి కాదు. వియత్నాంలో ఎన్నికలు అడిగారా? 1994 ఫిబ్రవరి 3న నిషేధం ఎత్తేశారు, 1995 జనవరిలో 20.8 కోట్ల డాలర్లకు క్లెయిములు తేలాయి. ఎత్తేశాకే డబ్బొచ్చింది.

పద్దులరాజు:
వియత్నాం సొమ్ము అమెరికాలోనే స్తంభింపజేసి ఉంది, పరిహారం దాంట్లోంచే వెళ్లింది. క్యూబాకి 190 కోట్లకు సరిపడా అలాంటి నిల్వ లేదు. కొత్తగా వచ్చే రాబడిలోంచే రావాలి.

రేవుబాట:
అయితే వ్యాపారం తెరిచి, క్యూబా చక్కెర, సిగార్ల మీద పడే సుంకంలో ఒక వాటా క్లెయిముల ఖాతాకి మళ్లించండి.

కృష్ణాతీరం:
సుంకం కట్టేది అమెరికాలో సరుకు దించుకునేవాడు, హవానా కాదు. మొదటి వాయిదా హవానా ఖజానా నుంచి రావాలి. వచ్చిన రోజున అరువు ఆపే ఆ 908వ సెక్షన్ తీసేయమని మీకంటే ముందు నేనే అడుగుతాను.