పార్ట్‌నర్ లేకుండా ఇంట్లోనే జూడో ప్రాక్టీస్ ఎట్లా? (తిరుపతి)

తిరుచానూరు_52:

అందరికీ నమస్కారం. డిగ్రీలో ఉన్నప్పుడు జూడో నేర్చుకున్నాను, 52 కిలోల విభాగంలో ఆడేదాన్ని. కాలేజీ అయిపోయింది. నాతో రోజూ ప్రాక్టీస్ చేసే అమ్మాయికి చెన్నైలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. నేను ఒక మెడికల్ షాపులో పని చేస్తున్నాను, రాత్రి తొమ్మిదిన్నరకు గానీ ఇల్లు చేరను. క్లాసుకు వెళ్ళడం ఆదివారం ఒక్కరోజే కుదురుతోంది.

మిగతా రోజుల్లో పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా నాకు టైమ్ ఉంటుంది. మిద్దె మీద జాగా ఉంది గానీ, కింద పోర్షన్‌లో అద్దెకున్నవాళ్ళకు చంటిబిడ్డ. పైన దబదబమని పడితే ఊరుకోరు, ఊరుకోవాలని నేనూ కోరుకోను. యూట్యూబ్‌లో ఒకాయన డమ్మీ (మనిషి ఆకారపు బొమ్మ) కొనమంటాడు, ఇంకొకాయన రబ్బరు బ్యాండ్ ఉంటే చాలంటాడు. డమ్మీ ధర నా జీతానికి అందేది కాదు.

ఒక్కదాన్నే చేస్తే ఏది నిజంగా పనికొస్తుంది, ఏది దండగ? నేల మీద ఆట నాకు మొదటి నుంచీ బలహీనం. ఎవరైనా కింద పడేసి పట్టి ఉంచితే విడిపించుకోలేను. మళ్ళీ పోటీలకు దిగాలని గట్టిగా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

పీఈటీ_చిత్తూరు:

అమ్మా, నేను చిత్తూరు దగ్గర హైస్కూల్లో పీఈటీని, ఆడపిల్లలకు జూడో నేర్పిస్తుంటాను. బలహీనత ఏదో మీరే చెప్పారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

పట్టి ఉంచితే 20 సెకన్లకు ఇప్పోన్ (పూర్తి గెలుపు), ఆట ముగిసినట్టే. ఆ 20 సెకన్లలో మిమ్మల్ని బయటపడేసేది చేతుల బలం కాదు, నడుము కదలిక. కేసా గతామేలో (పక్కన కూర్చుని మెడ, చెయ్యి బిగించి నేలకు అదిమే పట్టు) ఇరుక్కున్న పిల్లలు ముందు చేసేది చేతులతో నెట్టడమే. నెట్టీ నెట్టీ చేతులు పడిపోతాయి, నడుము మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ నడుమును కదిలించడం నేర్చుకోవడానికి రెండో మనిషి అక్కర్లేదు. అందుకే ఒంటరి సాధనలో పెద్ద వాటా దీనికే ఇవ్వమంటాను.

ఎబి, అదే రొయ్యలా వంగి నడుము వెనక్కి జరపడం, మీకు వచ్చే ఉంటుంది. వెల్లకిలా పడుకుని, కుడి మడమ పిరుదు దగ్గరకు తెచ్చి, ఆ పాదంతో నేలను తన్ని ఎడమ భుజం మీదికి తిరగాలి. అప్పుడే నడుము నేలను వదిలి వెనక్కి పోతుంది. చాలామంది భుజం మీదికి తిరగకుండా వీపంతా నేలకు ఈడ్చుకుంటూ జరుగుతారు. చూసేవాళ్ళకు బాగానే జరిగినట్టు ఉంటుంది, పైన ఒక మనిషి బరువు పడితే అంగుళం కూడా కదలరు. ఫోన్ నేల మీద ఆనించి వీడియో తీసుకోండి. నడుముకూ నేలకూ మధ్య వెలుతురు కనబడాలి. కనబడకపోతే దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

దానికి ముందు బ్రిడ్జ్ (వెల్లకిలా ఉండి నడుము పైకెత్తడం) కలపండి. నేరుగా పైకి కాదు, ఒక భుజం మీదుగా వెనక్కి చూస్తూ లేవాలి. బ్రిడ్జ్, వెంటనే ఎబి, మోకాలు లోపలికి, బోర్లా తిరగడం, ఇదంతా ఒకే ఊపులో రావాలి. చప్పుడు రాదు, బిడ్డ నిద్ర చెడదు. ఉత్త సిమెంటు మీద మాత్రం చేయొద్దు, మోచేతుల చర్మం లేచిపోతుంది. పాత పరుపు మీద టార్పాలిన్ పట్టా బిగించి కట్టుకోండి.

ఉకెమి (దెబ్బ తగలకుండా పడటం) ఆదివారానికి ఉంచండి. బొమ్మల షాపుల్లో దొరికే పలుచటి ఫోమ్ ముక్కల మీద పడకూడదు, కనీసం 40 మిల్లీమీటర్ల మ్యాట్ కావాలి. ఇంట్లో గొంతుక్కూర్చుని వెనక్కి దొర్లడం వరకు చాలు. గడ్డం ఛాతీకి ఆనించి, చూపు బెల్టు ముడి మీద పెట్టండి.

ఇక బ్యాండ్ సంగతి. సైకిల్ షాపులో పాత ట్యూబు అడగండి, అది చాలు. మిద్దె మీద పిల్లర్‌కు కట్టండి, కిటికీ గ్రిల్‌కు వద్దు. ట్యూబుతో సెయోయి నాగే (భుజం మీదుగా విసరడం) చేసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. మనిషిని లాగితే ముందుకు తూలతాడు, ట్యూబు మిమ్మల్నే వెనక్కి లాగుతుంది. కాబట్టి దానితో కుజుషి (అవతలి మనిషి నిలకడ తప్పించడం) రాదు. అడుగులు, తిరగడంలో వేగం, మోచేయి వచ్చే దారి, ఇవి వస్తాయి. పిల్లర్‌కు మీ ఎత్తు మనిషి బెల్టు ఉండేచోట ఒక రంగు గుడ్డ కట్టండి. తిరిగిన ప్రతిసారీ మీ నడుము ఆ గుడ్డ కంటే కిందికి రావాలి. అలసిపోయేకొద్దీ నడుము పైకి వచ్చేస్తుంది. అలా వచ్చిన క్షణమే ఆపేసి ఊపిరి తీసుకోండి, తప్పుడు ఎత్తులో వందసార్లు తిరిగితే ఆ తప్పే అలవాటవుతుంది.

పలమనేరు_జియుజిత్సు:

సార్ చెప్పినదానికి నాదీ ఓటు. డమ్మీ కొనొద్దు అక్కా, కుట్టుకో. పాత జీన్స్ ప్యాంటు, ఫుల్‌చేతుల చొక్కా కలిపి కుట్టి, టైలర్ దగ్గర మిగిలే గుడ్డముక్కలు కూరాలి. ఇసుక మాత్రం పోయొద్దు, కాళ్ళలోకి దిగిపోయి రాయి మాదిరి గట్టిపడుతుంది. నీ బరువులో మూడోవంతు ఉంటే చాలు. దాని ఛాతీ మీద మోకాలు పెట్టి ఈ పక్క నుంచి ఆ పక్కకు మారడం, పక్క నుంచి పైకెక్కడం, ఇంతవరకే వాడు. చేతి లాకులు దాని మీద చేసి లాభం లేదు, దానికి మోచేయి ఏదీ? విసిరేయడం అసలు వద్దు, కింది పోర్షన్‌వాళ్ళు పైకి వచ్చేస్తారు.

బైరాగిపట్టెడ_కుస్తీ:

మా తాత మట్టిలో కుస్తీ పట్టినవాడు. ఇంట్లో మాకందరికీ దండీలు, బస్కీలు చిన్నప్పటి నుంచే. దండీలో నడుము కిందికి దిగి పైకి లేస్తుంది కదా, జూడోకు కూడా అది బాగా పనికొస్తుంది. పట్టు కోసం పాత జూడో జాకెట్‌ను మెట్లకింద ఇనుప రాడ్ మీద వేసి, రెండు చేతులా కాలర్ పట్టుకుని వేలాడండి. తుండుగుడ్డ అయినా సరే.

కాళ్ళకోసం కొండెక్కమని చాలామంది చెప్తారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2,388. ఎక్కడం మంచిదే, దిగేటప్పుడు మోకాళ్ళ మీద భారమంతా పడుతుంది, బస్సులో దిగండి. పరుగు మాత్రం వద్దండి. ముసలివాళ్ళు, మొక్కుబడికి మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెట్టే ఆడవాళ్ళు వచ్చే దారి అది. మన సాధన వాళ్ళకు అడ్డం కాకూడదు.

తిరుచానూరు_52:

అందరికీ చాలా థ్యాంక్స్. సార్, వీడియో తీసి చూశాను, ఎడమవైపు వెలుతురు కనబడుతోంది, కుడివైపు అసలు లేదు. నన్ను ఎప్పుడూ ఆ వైపే బిగించేవాళ్ళు! ఇంకొక్క మాట. కుజుషి ట్యూబుతో రాదన్నారు కదా, మరి ఆదివారం దాకా ఆగాల్సిందేనా? ఇంట్లో ఇంటర్ చదివే తమ్ముడు ఉన్నాడు, వాడికి జూడో ఏమీ రాదు.

పీఈటీ_చిత్తూరు:

రానక్కర్లేదమ్మా, నిలబడితే చాలు. వాడికి మీ పాత జాకెట్ తొడిగి, బెల్టు గట్టిగా కట్టండి. ఉచికోమిలో (విసిరే ముందు దాకా పదేపదే చేసే సాధన) ఎత్తేదాకా వచ్చి ఆగుతాం కదా, వాడు పడాల్సిన పనే లేదు. పొద్దున పది నిమిషాలు అడిగితే ఒప్పుకుంటాడు, అంతకంటే ఎక్కువ అడగొద్దు, రేపటి నుంచి లేవడు.

మెల్లగా లాగి, వాడి మడమలు నేల వదిలాయో లేదో చూడండి. వదిలాకే తిరగండి. రెండు మూడు రోజులకు వాడు మీ లాగుడు పసిగట్టి వెనక్కి వంగడం మొదలుపెడతాడు. వంగొద్దని తిట్టొద్దు. పోటీలో అవతలి అమ్మాయి చేసేదీ అదే. వాడు వెనక్కి వంగగానే సెయోయి వదిలేసి, ‘ఓఉచి గారి’ (అవతలివాళ్ళ కాలిని లోపలి నుంచి కొక్కెంలా పట్టి వెనక్కి పడేయడం) కోసం కాలు లోపలికి వేయండి. తాకి ఆపేయండి, లాగొద్దు. కుడివైపు ఎబి మాత్రం ఎడమదానికి రెట్టింపు చేయండి, వచ్చే వారం వీడియో ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.