లారీ గుద్దింది, ఓనర్ రాజీ అంటున్నాడు. సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: సూర్యాపేట దగ్గర హైవే మీద మా నాన్న బైక్‌ను లారీ వెనక నుంచి గుద్దింది. తొడ ఎముక విరిగి రాడ్ వేశారు. తాపీ పని చేసే మనిషి, ఇక పరంజా ఎక్కలేరంటున్నారు. ఓనర్ యాభై వేలిచ్చి రాజీ కాగితం మీద సంతకం అడుగుతున్నాడు. ఇంట్లో ఒకటే టెన్షన్.

జవాబు: అస్సలు పెట్టొద్దు తమ్ముడూ! మోటారు వాహనాల చట్టం 166 సెక్షన్ కింద ట్రిబ్యునల్‌లో (ప్రమాద పరిహారం తేల్చే కోర్టు) పరిహారం కోసం కేసు వేయండి. మీ జిల్లాలోనే వేయొచ్చు. ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వేయాలని 2022 ఏప్రిల్ నుంచి గడువు పెట్టారు, ఆలస్యం చేయకండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, లారీ ఇన్సూరెన్స్ వివరాలు ముందు తీసుకోండి.

జవాబు: మెడికల్ బోర్డు సర్టిఫికెట్ కూడా ముఖ్యం. వైకల్యం శాతం ఒక్కటే కాదు, ఆయన తాపీ పని మళ్లీ చేయగలరా అన్నదీ కోర్టు చూస్తుంది. కూలికి రసీదులు ఉండవు కాబట్టి మేస్త్రీతో సాక్ష్యం చెప్పించండి.

ప్రశ్న అడిగినవారు: మేస్త్రీ వస్తానన్నాడు అన్నా. రేపే స్టేషన్‌కి వెళ్తున్నా.