'కాల్ ఎ స్పేడ్ ఎ స్పేడ్' అనడం మానేయాలా?

టెక్సాస్_తెలుగోడు
అందరికీ నమస్కారం. మూడు వారాలుగా నిద్ర పట్టడం లేదు, అందుకే రాస్తున్నాను. మా టీములో ఒకతను చేసిన పని గురించి మీటింగులో మాట్లాడుతూ 'లెట్స్ కాల్ ఎ స్పేడ్ ఎ స్పేడ్, ఈ కోడ్ పనికిరాదు' అన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం అని నా ఉద్దేశం. అతను నల్లజాతి అమెరికన్. మర్నాడు హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి, 'స్పేడ్' అనేది నల్లవాళ్లను తిట్టే మాట, రాతపూర్వకంగా వివరణ ఇవ్వండి అన్నారు. తొమ్మిదో క్లాసులో ఇంగ్లిష్ జాతీయాల పుస్తకం బట్టీపట్టి నేర్చుకున్న మాట ఇది. స్పేడ్ అంటే పార. పారలో తిట్టేముంది? ఈ మాట మానేయనక్కర్లేదని నా అభిప్రాయం. మీరేమంటారు?

పాతపుస్తకాలు
మానేయనక్కర్లేదు. చరిత్ర చూద్దాం. పాతకాలపు రచయిత ప్లూటార్క్ రాసిన గ్రీకు కథలో మాసిడోనియా రాజు ఫిలిప్, మావాళ్లు 'స్కాఫే'ని 'స్కాఫే' అనే రకం అంటాడు. స్కాఫే అంటే తొట్టి, గిన్నె, చిన్న పడవ కూడా. డచ్ పండితుడు ఎరాస్మస్ దాన్ని లాటిన్‌లోకి తెచ్చేటప్పుడు తవ్వడానికి సంబంధించిన మరో గ్రీకు మాటతో పొరబడి 'లిగో' అని రాశాడు. అది మట్టి తవ్వే పనిముట్టు. 1542లో నికొలస్ యుడాల్ ఎరాస్మస్ పుస్తకాన్ని ఇంగ్లిష్‌లోకి తెస్తూ దాన్ని 'స్పేడ్' చేశాడు. అంటే తొట్టి కాస్తా పార అయింది. తిట్టు పుట్టింది 1920ల అమెరికాలో. అదీ పేకముక్క నుంచి, ఇస్పేటు ఆసు నలుపు నుంచి. పేకలోని స్పేడ్, కత్తి అని అర్థమున్న ఇటాలియన్ మాట 'స్పాదా' నుంచి వచ్చింది. పనిముట్టు స్పేడ్ పాత ఇంగ్లిష్ మాట. ఎక్కడో పాత మూలంలో రెండూ దూరపు చుట్టాలు, అంతే. దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత వచ్చిన తిట్టుకు పాత జాతీయం ఎందుకు శిక్ష అనుభవించాలి?

పొలంగట్టు
అయ్యా, ముందు ఒక తప్పు సరిచేయండి. స్పేడ్ అంటే పార కాదు. ఇంగ్లండ్ స్పేడ్‌కి రేకు కామకు తిన్నగా ఉంటుంది, కాలితో తొక్కి మట్టిలో దించుతారు. మన పారకు రేకు కామకు అడ్డంగా, లోపలికి వంగి ఉంటుంది. నడుం వంచి, పైకెత్తి వేసి, మన వైపు లాగుతాం. ముప్పై ఏళ్లుగా పార పట్టిన చెయ్యి నాది. డిక్షనరీలు రాసినవాళ్లు పొలంలోకి దిగలేదు.

గుంటూరు_టీచర్
నేను స్పోకెన్ ఇంగ్లిష్ నేర్పుతాను. ఆరేళ్లుగా ఈ జాతీయం నేర్పడం మానేశాను. 'స్పేడ్‌వర్క్' మాత్రం ఇప్పటికీ నేర్పుతాను, అసలు పనికి ముందు చేసే చాకిరీ అని. దానితో ఎవరికీ ఇబ్బంది లేదు. పాతపుస్తకాలు గారూ, మీరు చెప్పిన చరిత్ర సరైనదే. కానీ ఇంటర్వ్యూకి వెళ్లే పిల్ల ఎదుటివాళ్లకు యుడాల్ సంగతి చెప్పి ఒప్పించలేదు కదా.

నీలి_గగనం
మరి 'ఇన్ స్పేడ్స్' (చాలా ఎక్కువగా అని అర్థం) కూడా మానేయాలా? అది బ్రిడ్జి అనే పేకాట నుంచి వచ్చింది, అందులో ఇస్పేటే పెద్ద రంగు.

పాతపుస్తకాలు
ఇలా ఒక్కొక్కటీ మానేస్తూ పోతే భాషలో ఏం మిగులుతుంది? తప్పు విన్నవాడిది. అర్థం తెలియకపోతే తెలుసుకోవాలి.

పొలంగట్టు
నా మాటకు జవాబు రాలేదు. ఆ 'లిగో' ఎలాంటి పనిముట్టు? తొక్కేదా, ఎత్తి వేసేదా?

పాతపుస్తకాలు
ఎత్తి వేసేదే.

పొలంగట్టు
అయితే ఎరాస్మస్ రాసింది మన పారే. దాన్ని స్పేడ్ చేసింది యుడాల్. నేను చెప్పేదీ అదే.

టెక్సాస్_తెలుగోడు
టీచర్ గారూ, మీకు సులువుగా ఉంది. నేను పద్నాలుగేళ్లు ఇక్కడ కష్టపడ్డాను. యాసను వెక్కిరించారు, పేరు సరిగ్గా పలకలేదు, నోరు మూసుకున్నాను. ఎప్పుడో వాళ్లే నేర్పిన మాట వాడితే నేను జాతి వివక్ష చూపేవాడినట! ఈసారి అప్రైజల్‌లో దాని ప్రభావం కనిపించింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. ఆ కోడ్ నిజంగానే పనికిరాదు.

గుంటూరు_టీచర్
కోడ్ పనికిరాదని అందరి ముందూ చెప్పాల్సిన అవసరం ఏమొచ్చింది?

టెక్సాస్_తెలుగోడు
ఇదిగో, విషయం పక్కదారి పట్టిస్తున్నారు. చర్చ మాట గురించి, నా పద్ధతి గురించి కాదు.

పాతపుస్తకాలు
నిజమే. విషయం మీదే ఉండండి.

చివరి_బెంచి
అన్నా, నేనొకటి చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. మా కులవృత్తి పేరుతో తెలుగులో ఒక సామెత ఉంది. ఏడో క్లాసులో మా సారు ఎవరి పనైనా నాసిరకంగా ఉంటే ఆ సామెత వాడేవారు. క్లాసంతా తల తిప్పి నన్ను చూసేది. మా నాన్న పనిముట్ల సంచీ వరండాలో మేకుకు వేలాడుతూ ఉండేది. ఆ రోజు ఇంటికెళ్లి దాన్ని తీసి మంచం కింద దాచేశా. అది చూసి మా నాన్న ఏమీ అనలేదు, పొద్దున మళ్లీ మేకుకు తగిలించారు. పెద్దయ్యాక సారు కనిపిస్తే అడిగా. 'అది సామెతరా, మీ గురించి కాదు, ఎప్పటినుంచో ఉంది' అన్నారు. పాతపుస్తకాలు గారు చెప్తున్నదీ అదే. ఆ సామెత నాకంటే పాతదని నాకూ తెలుసు.

పాతపుస్తకాలు
తమ్ముడూ, మీకు జరిగింది తప్పు. కానీ రెండూ ఒకటి కాదు. మీ సామెతలో కులం పేరు నేరుగా ఉంది. ఇక్కడ ఉన్నది పనిముట్టు.

చివరి_బెంచి
అతని చెవికి వినిపించింది పనిముట్టు కాదు కదండీ.

గుంటూరు_టీచర్
పాతపుస్తకాలు గారూ, ఫిలిప్ కథ సగమే చెప్పారు. కొందరు ఆయన దగ్గరికి ఫిర్యాదుతో వచ్చారు, మీ మనుషులు మమ్మల్ని ద్రోహులంటున్నారు అని. దానికి జవాబుగా అన్న మాట అది: మావాళ్లు మొరటువాళ్లు, తొట్టిని తొట్టే అంటారు. అంటే ఈ మాట పుట్టిన రోజే ఎవరో నొచ్చుకుని ఎదురుగా నిలబడి ఉన్నారు. రాజు వాళ్లకు ఊరట ఇవ్వలేదు, తనవాళ్ల మొరటుతనాన్ని వెనకేసుకొచ్చాడు. మన తెలుగులో 'కుండబద్దలు కొట్టినట్టు' అంటాం. పగిలిన పెంకులు ఎవరికి గుచ్చుకున్నాయో చూడనక్కర్లేదా? టెక్సాస్ బాబూ, సూటిగా అడుగుతున్నాను. హెచ్‌ఆర్‌కి వివరణ రాశారు. ఇక్కడ మాకు రాశారు. అతనితో మాట్లాడారా?

నీలి_గగనం
ఇదీ అసలు ప్రశ్న.

టెక్సాస్_తెలుగోడు
మాట్లాడలేదు. అతనే ఫిర్యాదు చేశాడని నేను అనుకున్నాను. తర్వాత తెలిసింది, మీటింగులో ఉన్న ఇంకెవరో చేశారట. పోయిన గురువారం లిఫ్ట్‌లో ఇద్దరమే ఉన్నాం. ఆరు అంతస్తులు. అతను గుడ్ మార్నింగ్ అన్నాడు. నేను ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాను. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. ఇంగ్లిష్‌లో ఏ మాటకు ఏ అర్థం ఉందో ఇప్పుడు భయం వేస్తోంది, మేడమ్. అసలు బాధ అదే. పారో పేకముక్కో కాదు.

గుంటూరు_టీచర్
జాతీయాలేవీ వద్దు. 'మొన్న నేనన్న మాట మీకు బాధ కలిగించిందా?' అని అడగండి. ఆ కోడ్ గురించి విడిగా, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

పాతపుస్తకాలు
అతను వెళ్లి మాట్లాడటం మంచిదే. జాతీయం మాత్రం తప్పు కాదు. నా మాట మీద నేనున్నాను.

పొలంగట్టు
నేనూ ఉన్నాను. స్పేడ్ అంటే పార అని ఇకనైనా రాయకండి.